కొత్త డిస్కు ఎవరి అధీనంలో ఉండాలి: హై అవైలబిలిటీ డేటాబేస్ క్లస్టర్‌కు ఫైల్ సిస్టమ్ చేర్చడం

రెండు నోడ్‌ల, అంటే రెండు సర్వర్ల, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ క్లస్టర్ ఒకటి ఉందనుకుందాం. డేటా అంతా రెండు సర్వర్లకూ కనిపించే ఉమ్మడి స్టోరేజ్‌లో ఉంటుంది. ఒక సమయంలో ఒక్క నోడ్ మాత్రమే ఆ డిస్కును మౌంట్ చేసుకుని (ఒక డైరెక్టరీకి జోడించుకుని) డేటాబేస్‌ను నడుపుతుంది. ఆ నోడ్ పడిపోతే, క్లస్టర్‌ను నడిపే పేస్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ అదే డిస్కును రెండో నోడ్‌పై మౌంట్ చేసి, డేటాబేస్‌ను అక్కడ లేపుతుంది. దీన్నే ఫెయిలోవర్ అంటారు. కొంతకాలానికి స్థలం చాలక స్టోరేజ్ విభాగం నుంచి మరో లన్ (ఉమ్మడి స్టోరేజ్ నుంచి సర్వర్లకు ఇచ్చే డిస్కు) తెప్పిస్తారు. నడుస్తున్న నోడ్‌పై దాన్ని ఫార్మాట్ చేసి, మౌంట్ చేసి, దానిపై ఒక టేబుల్‌స్పేస్ (డేటాబేస్ తన ఫైళ్లను దాచుకునే అదనపు చోటు) సృష్టించి, పెద్ద పట్టికలను అందులోకి మారుస్తారు. అప్లికేషన్ ఆగదు, ఎవరికీ ఇబ్బంది కలగదు, మార్పు టికెట్ మూసేస్తారు. నెలల తరువాత ఒక రాత్రి మొదటి నోడ్ పడిపోతుంది. పేస్‌మేకర్ తనకు తెలిసిన పాత డిస్కును రెండో నోడ్‌పై మౌంట్ చేస్తుంది, కొత్త డిస్కు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు కనుక దాని జోలికి పోదు. పోస్ట్‌గ్రెస్ రికవరీ మధ్యలోనే ఆగిపోవచ్చు, లేదా లేచినట్టే లేచి, ఆ పట్టికలను తాకగానే ఫైలు దొరకలేదని చెప్పవచ్చు. ఏ ఘడియ కోసం క్లస్టర్ కట్టారో ఆ ఘడియలోనే అది పనికిరాకుండా పోతుంది.

ఈ పొరపాటు ఇంతకాలం బయటపడకపోవడానికి కారణం మౌంట్ అనే పని స్వభావంలోనే ఉంది. ఒంటరి సర్వర్‌లో ఒక ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయడమంటే ఒక ఆదేశం, బూట్‌లో ఏవి మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక పంక్తి, అంతే. క్లస్టర్‌లో అదే పని అధికార బదిలీ అవుతుంది. ఆ డిస్కు ఎప్పుడు, ఏ నోడ్‌పై మౌంట్ కావాలో, ఎప్పుడు దిగిపోవాలో నిర్ణయించే హక్కు ఆపరేటింగ్ సిస్టమ్ చేతుల్లోంచి క్లస్టర్ మేనేజర్ చేతుల్లోకి పోవాలి. ఆ బదిలీ సగంలో ఆగితే రెండు రకాల ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి పైన చెప్పినది, అంటే డిస్కు ఎవరి బాధ్యతా కాకపోవడం. రెండోది అంతకంటే ఘోరమైనది, అంటే డిస్కు ఒకేసారి ఇద్దరి బాధ్యతా కావడం.

రెండోదాన్ని ముందుగా చూడాలి. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వంటి మామూలు ఫైల్ సిస్టమ్‌లు ఒక్క కెర్నల్ (ఒక సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మాత్రమే తమను వాడుతుందన్న నమ్మకంపై కట్టినవి. ఏ బ్లాకు ఖాళీగా ఉంది, ఏ ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు) ఎవరిది, జర్నల్ ఎంతవరకు వచ్చింది అన్న సమాచారాన్ని కెర్నల్ తన మెమరీలో దాచుకుని, తనకు వీలైనప్పుడు డిస్కుపై రాస్తుంది. అదే డిస్కును మరో కెర్నల్ కూడా మౌంట్ చేస్తే ఒకరు ఖాళీ అనుకున్న చోట మరొకరు రాసి ఉంటారు. తెలిసేసరికి డేటా చెదిరిపోయి ఉంటుంది, ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఏ పరికరమూ దాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు. జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 వంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు నోడ్‌ల మధ్య తాళాలు పంచుకుని ఈ చిక్కును తప్పిస్తాయి. అయితే ఒక సమయంలో ఒక్క నోడే నడిపే డేటాబేస్‌కు ఆ బరువు సాధారణంగా అక్కర్లేదు.

అందుకే ఉమ్మడి డిస్కు ఎఫ్‌స్టాబ్‌లో ఉంటే అక్కడ నోఆటో (బూట్‌లో దానంతట అది మౌంట్ కావద్దు) అన్న మాట తప్పనిసరి. అది లేకపోతే పడిపోయిన నోడ్ తిరిగి బూట్ అయినప్పుడు, క్లస్టర్‌తో సంబంధం లేకుండా, అవతలి నోడ్ అప్పటికే వాడుతున్న డిస్కును తానూ మౌంట్ చేసుకుంటుంది. పేస్‌మేకర్ పద్ధతిలో ఎఫ్‌స్టాబ్ పంక్తి అసలు అవసరమే లేదు, డిస్కు పేరు, డైరెక్టరీ, ఫైల్ సిస్టమ్ రకం అన్నీ రిసోర్స్ (క్లస్టర్ నడిపే ఒక్కో అంశం) నిర్వచనంలోనే ఉంటాయి. ఐబీఎం డేటాబేస్ అయిన డీబీ2లో డీబీ2హెచ్‌ఏఐసీయూ అనే పరికరంతో క్లస్టర్ కట్టేటప్పుడు మాత్రం ఎఫ్‌స్టాబ్‌లో పంక్తి ప్రతి నోడ్‌లోనూ ఉండాలి, అది నోఆటోగా ఉండాలి. ఒక చోట నేర్చుకున్న అలవాటును మరో చోటికి అలాగే మోసుకుపోతే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

నోఆటో ఒక్కటే సరిపోదు. దానికి వెనుక మరో గోడ ఉండాలి. ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్ గ్రూప్‌గా కలిపి, అందులోంచి లాజికల్ వాల్యూమ్‌లు ఇచ్చే లినక్స్ పొర) వాడుతుంటే వాల్యూమ్ గ్రూప్‌పై సిస్టమ్ ఐడీ ముద్ర వేయవచ్చు. అప్పుడు ఏ నోడ్ పేరు ఆ ముద్రలో ఉందో ఆ నోడ్ మాత్రమే దాన్ని యాక్టివేట్ చేయగలదు, ఫెయిలోవర్ సమయంలో ఎల్‌వీఎం రిసోర్స్ ఆ ముద్రను మార్చి కొత్త నోడ్‌కు అప్పగిస్తుంది. ఈఎక్స్‌టీ4లో మల్టిపుల్ మౌంట్ ప్రొటెక్షన్ అనే సదుపాయం ఉంది: మౌంట్ చేసిన నోడ్ డిస్కుపై ఒక ప్రత్యేక బ్లాకును, మామూలుగా 5 సెకన్లకు ఒకసారి, తాజాగా రాస్తూ ఉంటుంది. మరో నోడ్ మౌంట్ చేయబోతే ఆ బ్లాకు కదులుతోందో లేదో కాసేపు గమనించి, కదులుతుంటే మౌంట్‌కు ఒప్పుకోదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఇలాంటి కాపలా లేదు. ఇవన్నీ ఉన్నా వీటిలో ఏదీ ఫెన్సింగ్‌కు, అంటే జవాబివ్వని నోడ్‌ను బలవంతంగా ఆపడానికో స్టోరేజ్ నుంచి తెంచడానికో, ప్రత్యామ్నాయం కాదు. జవాబివ్వని నోడ్ నిజంగా ఆగిపోయిందని, ఇక ఆ డిస్కుపై రాయలేదని రూఢి చేసుకోకుండా రెండో నోడ్‌పై మౌంట్ చేసే క్లస్టర్‌ను హై అవైలబిలిటీ అనడం తగదు.

ఇక్కడ ఒక భేదం స్పష్టం చేసుకోవాలి. ఇంతవరకు చెప్పినదంతా ఉమ్మడి డిస్కు ఉన్న క్లస్టర్ గురించి. ప్రైమరీ నోడ్ తన మార్పులను స్టాండ్‌బై నోడ్‌కు పంపుతూ ఉండే పద్ధతుల్లో, అంటే స్ట్రీమింగ్ రెప్లికేషన్‌తో నడిచే పోస్ట్‌గ్రెస్‌లోనూ, హెచ్‌ఏడీఆర్‌తో నడిచే డీబీ2లోనూ ప్రతి నోడ్‌కు తన సొంత డిస్కు ఉంటుంది. స్టాండ్‌బై కూడా నిరంతరం నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని ఫైల్ సిస్టమ్ బూట్‌లోనే మౌంట్ కావాలి, క్లస్టర్ దాన్ని అటూ ఇటూ కదిపే పని లేదు. అక్కడ నోఆటో పెడితే రీబూట్ తరువాత స్టాండ్‌బై లేవదు. అక్కడ పాటించాల్సిన నియమం వేరు, అది క్రమానికి సంబంధించినది. పోస్ట్‌గ్రెస్ టేబుల్‌స్పేస్ మార్గాన్ని లాగ్ (మార్పులన్నీ రాసుకునే చిట్టా) ద్వారా ఉన్నది ఉన్నట్టుగా స్టాండ్‌బైలకు పంపుతుంది కనుక, ప్రైమరీలో టేబుల్‌స్పేస్ సృష్టించడానికి ముందే అన్ని స్టాండ్‌బైలలోనూ అదే మార్గంలో మౌంట్ సిద్ధంగా ఉండాలని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. ప్రైమరీలో పని ముగించి తీరిగ్గా స్టాండ్‌బైకి వెళ్తే, అప్పటికే అక్కడ లాగ్ రీప్లే ఆగిపోయి ఉంటుంది. ఈ వ్యాసంలో మిగతా భాగం ఉమ్మడి డిస్కు సంగతే.

అసలు కొత్త ఫైల్ సిస్టమ్ అవసరమా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఉన్న వాల్యూమ్ గ్రూప్‌కు కొత్త లన్‌ను చేర్చి, ఉన్న లాజికల్ వాల్యూమ్‌ను పెంచి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నో ఈఎక్స్‌టీ4నో మౌంట్‌లో ఉండగానే విస్తరించవచ్చు. క్లస్టర్ నిర్వచనంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. కొత్త మౌంట్ వచ్చిందంటే ఫెయిలోవర్‌లో విఫలం కాగల మరో అంశం వచ్చినట్టే. వేరే వేగం గల డిస్కుపై ఇండెక్సులు పెట్టాలన్నా, లాగ్‌ను డేటా నుంచి విడదీయాలన్నా కొత్త మౌంట్‌కు న్యాయం ఉంది. కేవలం స్థలం చాలకపోతే పాతదాన్ని పెంచడమే మేలు. స్టోరేజ్ స్థాయి స్నాప్‌షాట్‌లతో బ్యాకప్ తీసుకునేవారు మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. డేటాబేస్ ఒకటికి మించిన ఫైల్ సిస్టమ్‌లపై పరుచుకున్నప్పుడు అన్నిటి స్నాప్‌షాట్‌లూ ఒకే క్షణానివై ఉండాలి, ఆ హామీ ప్రతి స్టోరేజ్ ఇవ్వలేదు. టేబుల్‌స్పేస్ అంటే విడిగా మోసుకుపోగల పెట్టె అన్న అపోహ కూడా చాలామందిలో ఉంది. అది డేటాబేస్‌లో విడదీయరాని భాగం, దాన్ని పోగొట్టుకుంటే మిగతా డేటాబేస్ కూడా లేవకపోవచ్చు.

కొత్త మౌంట్ తప్పదని తేలాక, క్లస్టర్‌ను తాకడానికి ముందే రెండు నోడ్‌లనూ సమానం చేయాలి. రెండో నోడ్‌లో స్టోరేజ్‌ను రీస్కాన్ చేసి కొత్త లన్ కనిపిస్తోందో లేదో, ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను కలిపే మల్టీపాత్‌లో అన్ని దారులూ ఉన్నాయో లేదో చూడాలి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ వంటి పేర్లు బూట్ బూట్‌కూ మారగలవు కనుక వాటిని రిసోర్స్ నిర్వచనంలో రాయకూడదు, లాజికల్ వాల్యూమ్ మార్గమో, మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీయో రాయాలి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో మరో సూక్ష్మం ఉంది. అక్కడ ఎల్‌వీఎం తనకు అనుమతి ఉన్న డిస్కుల జాబితాను ప్రతి నోడ్‌లోనూ ఒక డివైసెస్ ఫైలులో రాసుకుంటుంది. మొదటి నోడ్‌లో వాల్యూమ్ గ్రూప్ సృష్టిస్తే ఆ నోడ్ జాబితాలోకి మాత్రమే కొత్త డిస్కు చేరుతుంది. రెండో నోడ్ జాబితాలోకి దాన్ని విడిగా చేర్చకపోతే, డిస్కు కళ్లెదుటే ఉన్నా వాల్యూమ్ గ్రూప్ లేదనే ఆ నోడ్ చెబుతుంది. ఇది ఫెయిలోవర్ రోజు వరకు బయటపడని లోపాల్లో ఒకటి.

యజమాని సంఖ్యల సంగతి కూడా అలాంటిదే. ఫైల్ సిస్టమ్ యజమాని పేరును దాచుకోదు, సంఖ్యను దాచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు ఒక నోడ్‌లో 26, మరో నోడ్‌లో ఇంకో సంఖ్య ఉంటే, రెండో నోడ్‌పై డిస్కు సక్రమంగానే మౌంట్ అవుతుంది, డేటాబేస్‌కు మాత్రం తన ఫైళ్లే తనకు అందవు. ఎస్‌ఈలినక్స్ (లేబుళ్లను బట్టి ఫైళ్లకు అనుమతినిచ్చే లినక్స్ భద్రతా పొర) అమల్లో ఉన్నచోట కొత్త మార్గానికి సరైన లేబుల్ నియమాన్ని రెండు నోడ్‌లలోనూ రాయాలి.

మౌంట్ పాయింట్ డైరెక్టరీని ఎలా తయారుచేస్తారన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, నిజానికి ఇక్కడే చాలా ప్రమాదాలను మొదట్లోనే తుంచవచ్చు. డిస్కు మౌంట్ కాని స్థితిలో ఆ డైరెక్టరీ మూల ఫైల్ సిస్టమ్‌లో ఒక ఖాళీ డైరెక్టరీ మాత్రమే. దానికి యజమాని పోస్ట్‌గ్రెస్ యూజర్ అయితే, డిస్కు లేని వేళ డేటాబేస్ ఆ ఖాళీ డైరెక్టరీలోనే రాయడం మొదలుపెట్టగలదు. రికవరీ సమయంలో లేని డైరెక్టరీలను సృష్టించుకుని ముందుకు సాగే గుణం పోస్ట్‌గ్రెస్‌కు ఉంది కాబట్టి ఈ భయం ఊహాజనితం కాదు. తరువాత ఎవరో డిస్కును దానిపై మౌంట్ చేస్తే అప్పటిదాకా రాసినవన్నీ కిందపడి కనుమరుగవుతాయి. అందుకే ఖాళీ డైరెక్టరీ యజమాని రూట్‌గానే ఉండాలి, ఇతరులకు రాసే అనుమతి ఉండకూడదు. డిస్కు మౌంట్ కాని స్థితిలో ఆ డైరెక్టరీపై మార్పులకు వీల్లేని గుర్తును పెడితే రూట్ కూడా పొరపాటున అక్కడ రాయలేడు. డిస్కు మౌంట్ అయ్యాక, దాని పైస్థాయి డైరెక్టరీని నేరుగా డేటాబేస్‌కు ఇవ్వకుండా, లోపల పోస్ట్‌గ్రెస్ యజమానిగా ఉన్న ఒక ఉపడైరెక్టరీ సృష్టించి దాన్నే వాడాలి. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ కూడా ఇదే సలహా ఇస్తుంది. డిస్కు లేకపోతే ఆ ఉపడైరెక్టరీ కూడా ఉండదు కనుక డేటాబేస్ తప్పుదారి పట్టకుండా అక్కడే స్పష్టంగా విఫలమవుతుంది. ఇలాంటి చోట స్పష్టమైన వైఫల్యమే కోరుకోవాల్సింది.

ఇక క్లస్టర్‌లోకి చేర్చే పని. పేస్‌మేకర్‌లో ఇలాంటి డేటాబేస్‌ను సాధారణంగా ఒక గ్రూప్‌గా కడతారు: ముందు ఎల్‌వీఎం యాక్టివేషన్, తరువాత ఫైల్ సిస్టమ్, తరువాత తేలియాడే ఐపీ చిరునామా, చివర డేటాబేస్. గ్రూప్‌లో రాసిన వరుసలోనే అవి మొదలవుతాయి, తలకిందుల వరుసలో ఆగుతాయి, అన్నీ ఒకే నోడ్‌పై ఉంటాయి. కొత్త ఫైల్ సిస్టమ్‌ను స్థానం చెప్పకుండా గ్రూప్‌లో చేరిస్తే అది వరుస చివర, అంటే డేటాబేస్ తరువాత నిలబడుతుంది. అప్పుడు ఫెయిలోవర్‌లో డేటాబేస్ ముందు లేచి, దాని టేబుల్‌స్పేస్ డిస్కు ఆ తరువాత వస్తుంది. ఆపేటప్పుడు ఇంకా అధ్వానం: డేటాబేస్ ఇంకా ఫైళ్లు తెరిచి ఉండగానే వాటి కింది డిస్కును తీసేయబోతుంది. కనుక చేర్చేటప్పుడే ఏ రిసోర్స్‌కు ముందు, దేనికి తరువాత అన్నది చెప్పాలి. ఒక మౌంట్ లోపల మరో మౌంట్ ఉంటే పైదాని తరువాతే లోపలిది రావాలి. ఎఫ్‌స్టాబ్ నుంచి మౌంట్ చేసినప్పుడు లినక్స్‌లో బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ ఈ వరుసను మార్గాలను చూసి తానే గ్రహిస్తుంది, పేస్‌మేకర్ మాత్రం మనం రాసినదాన్నే నమ్ముతుంది.

నడుస్తున్న డేటాబేస్‌కు ముందు స్థానంలో, ఇంకా మొదలుకాని రిసోర్స్‌ను చొప్పిస్తే, వరుస నియమాన్ని నిలబెట్టడానికి పేస్‌మేకర్ డేటాబేస్‌ను ఆపి, కొత్తదాన్ని మొదలుపెట్టి, మళ్లీ డేటాబేస్‌ను లేపవచ్చు. పట్టపగలు ఇది ఎవరికీ ఇష్టముండదు. దీన్ని తప్పించే మార్గం ప్రోబ్ అనే లక్షణంలో ఉంది. కొత్త రిసోర్స్‌ను చూడగానే పేస్‌మేకర్ దాన్ని వెంటనే మొదలుపెట్టదు. ముందు ప్రతి నోడ్‌పైనా అది ఇప్పటికే నడుస్తోందా అని ఒకసారి పరీక్షిస్తుంది. కాబట్టి యాక్టివ్ నోడ్‌పై, రిసోర్స్‌లో రాయబోయే అదే డిస్కును, అదే డైరెక్టరీలో, అవే ఆప్షన్లతో ముందే చేత్తో మౌంట్ చేసి ఉంచితే, ప్రోబ్ దాన్ని నడుస్తున్న రిసోర్స్‌గా గుర్తించి తన లెక్కలోకి తీసుకుంటుంది. మొదలుపెట్టాల్సిందేమీ లేదు కనుక డేటాబేస్‌ను కదపాల్సిన పనీ లేదు. ఎల్‌వీఎం యాక్టివేషన్‌కూ ఇదే వర్తిస్తుంది. అయితే అదే డిస్కు పరీక్ష కోసమని రెండో నోడ్‌పై కూడా పొరపాటున మౌంట్ అయి ఉంటే, రిసోర్స్ రెండు చోట్ల నడుస్తోందని పేస్‌మేకర్ భావిస్తుంది. డిఫాల్ట్‌గా అన్ని చోట్లా ఆపి, ఒక్క చోట మొదలుపెడుతుంది, ఆ వరుసలో డేటాబేస్ కూడా ఆగుతుంది. అప్పటికి డేటా చెదిరిపోయి ఉండే అవకాశం ఎలాగూ ఉంది, అది వేరే విషాదం.

ఈ పనిని క్లస్టర్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి చేయడం మంచిది. ఆ స్థితిలో పేస్‌మేకర్ దేన్నీ మొదలుపెట్టదు, ఆపదు, రిసోర్సులు బాగున్నాయో లేదో మళ్లీ మళ్లీ చూసే మానిటర్ పరీక్షలను కూడా నిలిపేస్తుంది. అంతకంటే మంచి అలవాటు మరొకటి ఉంది: క్లస్టర్ కాన్ఫిగరేషన్ నకలును ఒక ఫైలులోకి తీసుకుని, మార్పులన్నీ దానిపై చేసి, దాన్ని సిమ్యులేటర్‌కు ఇచ్చి పేస్‌మేకర్ ఏమేం చేయబోతుందో చదువుకుని, ఆ తరువాతే అసలు క్లస్టర్‌లోకి నెట్టాలి. చేయబోయే పనుల జాబితాలో డేటాబేస్ పేరు పక్కన ఆపడమో పునఃప్రారంభమో కనిపిస్తే అక్కడే ఆగి కారణం వెతకాలి. మెయింటెనెన్స్ మోడ్‌ను ఎత్తేయబోయే ముందు కూడా ఈ చదువు మరోసారి జరగాలి, ఎందుకంటే ఆగి ఉన్న ఉద్దేశాలన్నీ మోడ్ ఎత్తేసిన క్షణంలోనే అమలవుతాయి.

పోస్ట్‌గ్రెస్‌కు తాను క్లస్టర్‌లో ఉన్నానన్న సంగతి తెలియకపోవడం ఈ చిక్కులన్నిటికీ మూలం. పదాల అయోమయం కూడా దీనికి తోడవుతుంది: పోస్ట్‌గ్రెస్ పరిభాషలో డేటాబేస్ క్లస్టర్ అంటే ఒక సర్వర్ కింద ఉన్న డేటాబేస్‌ల సమూహం మాత్రమే, నోడ్‌ల ప్రసక్తే అందులో లేదు. ఇతర డేటాబేస్‌లు ఈ లోటును తమ తమ పద్ధతుల్లో పూడ్చాయి. విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌లో నడిచే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, తన క్లస్టర్ రిసోర్స్ ఏ డిస్కులపై ఆధారపడిందో ఆ డిస్కులపైనే డేటా ఫైలు పెట్టనిస్తుంది. ఆధారం ప్రకటించని డిస్కుపై ఫైలు సృష్టించబోతే 5184 సంఖ్య గల ఎర్రర్‌తో నిరాకరిస్తుంది. మొదటి పేరాలో చెప్పిన ప్రమాదం ఆ గడపలోనే ఆగిపోతుంది. అయితే డ్రైవ్ అక్షరం లేకుండా ఫోల్డర్ కింద మౌంట్ చేసిన వాల్యూమ్‌ల విషయంలో ఆ కాపలాపై భారం వేయకూడదు. మూల డిస్కుతో పాటు ప్రతి మౌంట్ వాల్యూమ్‌పైనా ఆధారాన్ని నిర్వాహకుడే విడిగా ప్రకటించాలి, లేకపోతే ఫెయిలోవర్‌లో డేటాబేస్ చెడిపోయే ప్రమాదం ఉంది.

డీబీ2 మరో దారి పట్టింది. 9.5 వెర్షన్‌తో వచ్చిన డీబీ2హెచ్‌ఏఐసీయూ, ఐబీఎం వారి టివోలి సిస్టమ్ ఆటోమేషన్‌తో కలిసి పనిచేస్తూ, డేటాబేస్ మార్గాల కింద ఉన్న మౌంట్‌లను గుర్తించి వాటిని క్లస్టర్ రిసోర్సులుగా చేర్చుకుంటుంది. 11.5 తరంలో ఐబీఎం పేస్‌మేకర్ వైపు మళ్లి, డీబీ2సీఎం అనే పరికరాన్ని ఇచ్చింది. డేటాబేస్‌కూ క్లస్టర్‌కూ మధ్య ఇలాంటి సంభాషణ ఉండటం మంచిదే. కానీ పరికరం చేర్చింది కదా అని వదిలేసేవారికి అది ఏ మౌంట్‌ను, ఏ నోడ్‌ల మీద, ఏ వరుసలో చేర్చిందో తెలియదు. పరికరం రాసిన కాన్ఫిగరేషన్‌ను కూడా మనిషి చదవాల్సిందే.

ఇంతవరకు మౌంట్ కావడం గురించే చర్చ. అనుభవంలో ఎక్కువ ఫెయిలోవర్‌లు చెడేది దిగిపోయే దగ్గర. నోడ్ పూర్తిగా పడిపోతే అన్‌మౌంట్ ప్రశ్నే లేదు, ఫెన్సింగ్ దాని పని చూసుకుంటుంది. ప్యాచింగ్ కోసమో, డేటాబేస్ మానిటర్ విఫలమయ్యో గ్రూప్‌ను మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం పాత నోడ్ డిస్కును మర్యాదగా వదలాలి. డేటాబేస్ ఆగినా ఆ ఫైల్ సిస్టమ్‌ను పట్టుకుని ఉండేవారు ఎందరో ఉంటారు: ఆ డైరెక్టరీలోకి వెళ్లి అక్కడే వదిలేసిన ఒక షెల్, ఫైళ్లను కాపీ చేస్తున్న బ్యాకప్ స్క్రిప్ట్, లాగ్ ఫైళ్లను చదివి పంపే ఏజెంట్, వైరస్ స్కానర్. పేస్‌మేకర్ తరఫున మౌంట్, అన్‌మౌంట్ చేసే ఫైల్ సిస్టమ్ ఏజెంట్, తనకిచ్చిన ఆప్షన్‌ను బట్టి, అలాంటి ప్రక్రియలను వెతికి ముందు మర్యాదగా, వినకపోతే బలవంతంగా ఆపి, అన్‌మౌంట్‌కు మళ్లీ ప్రయత్నిస్తుంది. కెర్నల్ లోపల నుంచి పట్టుకున్నవారిని మాత్రం అది ఏమీ చేయలేదు. అదే ఫైల్ సిస్టమ్‌ను, నెట్‌వర్క్‌పై ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఎవరికైనా పంచి ఉంటే, పట్టుకున్నది ప్రక్రియ కాదు కనుక వెతికినా దొరకదు.

ఈ మధ్యకాలంలో కంటైనర్ల వల్ల మరో చిక్కు చేరింది. పర్యవేక్షణ ఏజెంట్‌ను కంటైనర్‌లో నడుపుతూ, దానికి హోస్ట్ మూల డైరెక్టరీని మొత్తంగా చూపించినప్పుడు, ఆ సమయానికి ఉన్న మౌంట్‌లన్నిటి నకలు ఒకటి ఆ కంటైనర్ మౌంట్ నేమ్‌స్పేస్‌లోకి, అంటే దాని సొంత మౌంట్ పట్టికలోకి, వెళ్లవచ్చు. హోస్ట్‌లో అన్‌మౌంట్ విజయవంతమవుతుంది, హోస్ట్ మౌంట్ పట్టికలో ఆ పేరు ఉండదు, ఫైల్ సిస్టమ్ ఏజెంట్ కూడా సరేనంటుంది. కంటైనర్ లోపలి నకలు వల్ల ఫైల్ సిస్టమ్ మాత్రం కెర్నల్‌లో సజీవంగానే ఉంటుంది. తరువాతి అడుగులో ఎల్‌వీఎం ఆ వాల్యూమ్‌ను డీయాక్టివేట్ చేయబోతే అది వాడుకలో ఉందని నిరాకరిస్తుంది. ఎల్‌వీఎం లేకుండా నేరుగా డిస్కును వాడేచోట ఆ హెచ్చరిక కూడా రాదు, రెండో నోడ్ నిరాటంకంగా మౌంట్ చేసుకుంటుంది. ఉమ్మడి డిస్కుపై ఎల్‌వీఎం పొర అనవసరమని వాదించేవారు ఈ ఒక్క సందర్భాన్నైనా తలచుకోవాలి.

ఆపే పని విఫలమైతే ఏం జరుగుతుంది? ఫెన్సింగ్ ఉన్న క్లస్టర్‌లో పేస్‌మేకర్ ఆ నోడ్‌నే ఫెన్స్ చేస్తుంది. ఫెన్సింగ్ లేకపోతే ఆ రిసోర్స్‌ను ఉన్నచోటే ఉన్నట్టుగా వదిలేసి, మనిషి వచ్చేదాకా దాన్ని తాకదు. ఎవరో వదిలేసిన షెల్ కారణంగా మొత్తం సర్వర్ రీబూట్ కావడం కఠినంగా అనిపించవచ్చు, కానీ క్లస్టర్ తర్కం సరైనదే. డిస్కును వదిలిందో లేదో తెలియని నోడ్ బతికుండగా మరో నోడ్‌పై మౌంట్ చేయకూడదు. ఈ కాఠిన్యాన్ని తప్పించుకోవడానికి కొందరు లేజీ అన్‌మౌంట్‌ను ఆశ్రయిస్తారు. అది మౌంట్‌ను డైరెక్టరీ చెట్టు నుంచి తక్షణం తొలగిస్తుంది, కానీ తెరిచి ఉన్న చివరి ఫైలు మూసేదాకా ఫైల్ సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. పైకి దిగిపోయినట్టు కనిపిస్తూ లోపల రాస్తూనే ఉండగల డిస్కును రెండో నోడ్‌కు అప్పగించడం డేటాను చేజేతులా పాడుచేసుకోవడమే. ఉమ్మడి డిస్కు క్లస్టర్‌లో లేజీ అన్‌మౌంట్‌కు ఎక్కడా చోటు ఉండకూడదు.

టైమవుట్‌లను కూడా కొత్త మౌంట్ దృష్టితో మళ్లీ చూడాలి. ఫైల్ సిస్టమ్ ఏజెంట్ సూచించే టైమవుట్ మొదలుపెట్టడానికీ ఆపడానికీ 60 సెకన్లు. మెమరీ పెద్దదిగా ఉండి, ఇంకా డిస్కుకు చేరని పేజీలు గిగాబైట్లలో ఉంటే, అన్‌మౌంట్ వాటినన్నిటినీ రాయాల్సి ఉంటుంది. అటువైపు రెండో నోడ్‌లో జర్నల్ రీప్లేకు సమయం పడుతుంది. మల్టీపాత్‌ను అన్ని దారులూ పోయినప్పుడు కూడా రాతలను అనంతంగా వరుసలో నిలబెట్టేలా అమర్చి ఉంటే, స్టోరేజ్ తెగిన వెంటనే ప్రతి ప్రక్రియా కదలని నిద్రలోకి పోతుంది. దాన్ని ఏ సిగ్నల్ కూడా లేపలేదు, అన్‌మౌంట్ కూడా అందులోనే చిక్కుకుంటుంది. ఒంటరి సర్వర్‌కు సహనంగా వేచి ఉండే ఈ అమరిక మేలు చేయవచ్చు. పక్కన మరో నోడ్ సిద్ధంగా ఉన్న క్లస్టర్‌లో మాత్రం పరిమిత సమయం తరువాత లోపాన్ని బయటపెట్టడమే సరైనది.

మానిటర్ ఎంత లోతుగా చూస్తోందన్నది మరో ప్రశ్న. డిఫాల్ట్ స్థాయిలో ఏజెంట్ మౌంట్ పట్టికలో పేరు ఉందో లేదో చూసి సంతృప్తి పడుతుంది. లోపం వల్ల ఈఎక్స్‌టీ4 చదవడానికి మాత్రమే వీలున్న స్థితికి పడిపోయినా, ఎక్స్‌ఎఫ్‌ఎస్ తనను తాను మూసేసుకున్నా, ఆ పట్టికలో పేరు అలాగే ఉంటుంది. స్థాయి 10లో ఏజెంట్ డిస్కు నుంచి కొన్ని బ్లాకులు చదువుతుంది, స్థాయి 20లో ఒక చిన్న ఫైలు రాసి చూస్తుంది. కొత్త మౌంట్‌పై ఉన్నవి అరుదుగా తాకే పాత పట్టికలైతే స్థాయి 20 లేకుండా లోపం రోజుల తరబడి దాగి ఉండగలదు. డేటాబేస్ మానిటర్ వేసే చిన్న ప్రశ్నకు జవాబు మెమరీ నుంచే వస్తుంది కనుక అది కూడా పసిగట్టదు. అదే మౌంట్‌పై లాగ్ ఉంటే సంగతి వేరు: 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ (రాసినదాన్ని డిస్కుకు చేర్చమని కెర్నల్‌ను కోరే పిలుపు) విఫలమైతే డేటాను నమ్మకుండా తానే కుప్పకూలి రికవరీకి వెళ్తుంది, కాబట్టి లోపం నిమిషాల్లో బయటపడుతుంది. స్థాయి 20కి ఖరీదు ఉంది. రాత్రి భారీ లోడ్‌లో డిస్కు మందగించినప్పుడు ఆ చిన్న రాత కూడా టైమవుట్ దాటి, అనవసర ఫెయిలోవర్‌కు దారితీస్తుంది. అన్ని మౌంట్‌లకూ ఒకే స్థాయి పెట్టడం కన్నా ఏ మౌంట్‌లో ఏముందో చూసి నిర్ణయించడం మంచిది.

క్లస్టర్ చేతికి ఇవ్వని ఫైల్ సిస్టమ్‌పై డేటాబేస్ ఆధారపడే సందర్భాలూ ఉంటాయి, ఉదాహరణకు రెండు నోడ్‌లలోనూ ఎప్పుడూ మౌంట్ అయి ఉండే బ్యాకప్ ఎన్‌ఎఫ్‌ఎస్. అప్పుడు బూట్‌లో ఆ మౌంట్ పేస్‌మేకర్‌కు ముందు రావాలి, షట్‌డౌన్‌లో పేస్‌మేకర్ తరువాత పోవాలి. దీనికోసం రిసోర్స్ ఏజెంట్ల ఆధారాల కోసమే ఉన్న సిస్టమ్‌డీ టార్గెట్‌కు ఆ మౌంట్‌ను జోడించాలి.

చేర్చిన పని పూర్తయిందని చెప్పాలంటే గ్రూప్ నిజంగా రెండో నోడ్‌కు వెళ్లి తిరిగి రావాలి. రెండో నోడ్‌పై డేటాబేస్ లేచిందని చూసి ఊరుకోకుండా, కొత్త టేబుల్‌స్పేస్‌లోని ఒక పట్టికను పూర్తిగా చదవాలి, దానిలో ఒక వరుస రాయాలి, మౌంట్ పట్టికలో అసలు డిస్కు పేరే ఉందో లేదో చూడాలి. తరువాత తిరుగు ప్రయాణం చేయించాలి, ఎందుకంటే వెళ్లేటప్పుడు పరీక్షకు వచ్చింది ఒక నోడ్ అన్‌మౌంట్ మాత్రమే. పేస్‌మేకర్‌ను అమర్చే పీసీఎస్ అనే పరికరం పాత వెర్షన్లలో చేత్తో గ్రూప్‌ను కదిపితే ఒక లొకేషన్ నియమం క్లస్టర్‌లో మిగిలిపోతుంది. దాన్ని తొలగించకపోతే తదుపరి ఫెయిలోవర్‌లో గ్రూప్ వెళ్లాల్సిన నోడ్‌కే వెళ్లకపోవచ్చు. ఈ పరీక్షను నిశ్శబ్దంగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం చేయడం అందరికీ సౌకర్యమే. దానితో పాటు మరొకసారి, బ్యాకప్ నడుస్తుండగా, లాగ్ ఏజెంట్ చదువుతుండగా, ఒక షెల్ ఆ డైరెక్టరీలో తెరిచి ఉండగా కూడా చేసి, అన్‌మౌంట్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి, ఆ అంకెను బట్టి ఆపే టైమవుట్‌ను నిర్ణయించాలి.